స్క్రూలు లేని కంప్యూటర్లు

షాపులో అందరూ కంప్యూటర్‌ని ముందునుంచి చూస్తుంటే, ఒక పెద్దాయన మాత్రం దాన్ని వెనక్కి తిప్పి చూశాడు.

"దీనికి స్క్రూలు లేవేంటండీ?" అన్నాడు.

కిరీటికి చిరాకేసింది. మంచి పని చేసేటప్పుడు మధ్యలో వేలు పెట్టేవాళ్ళంటే అతనికి గిట్టదు.

ముగ్గురు స్నేహితులతో కలిసి అతను ఒక లంక ఊరి బడికి పది కంప్యూటర్లు ఇస్తున్నాడు. పడవలో కృష్ణ దాటితే తప్ప చేరలేని ఊరు. చూడగానే పిల్లల కళ్ళు మెరవాలని అతని ఆశ. గవర్నర్‌పేటలోని ఆ షాపతను చూపించినవి పలకంత సన్నగా, ఎక్కడా సందు లేకుండా అతికించి ఉన్నాయి.

లంక బడికి ఇక్కడే కొంటున్నారని ఎవరో చెబితే పెద్దాయన వెతుక్కుంటూ వచ్చాడట. నలిగిన చొక్కా, చేతిలో గుడ్డసంచి. జేబులో పెన్ను ఉండాల్సిన చోట, పిడికి ఎర్ర వైరు చుట్టిన స్క్రూడ్రైవర్.

ఆయనకి తప్ప అందరికీ కాఫీలు వచ్చాయి. ఆయన్ని కూర్చోమని ఎవరూ అనలేదు.

ఆయన నిలబడే చెప్పుకుపోయాడు. లంకలో కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియదట. సోలార్ మీద నడిచేవయితే మేలట. ఏ భాగం పాడైతే ఆ భాగమే మార్చుకునేలా ఉండాలట.

"కాస్త పాతవైనా సరే, విప్పడానికి వీలున్నవి తీసుకోండి బాబూ. పదో తరగతి పిల్లయినా విప్పి బిగించుకోవాలి."

"మీరేం చేస్తుంటారు?" కిరీటి అడిగాడు.

"రిపేర్లు చేస్తానండి."

దాంతో కిరీటికి అంతా అర్థమైపోయినట్టయింది. విజయవాడలో పుట్టి పెరిగినవాడికి కమీషన్ వాసన తెలియదా?

"అదీ సంగతి. విప్పడానికి వీలున్నవి కొంటేగాని మీ పొట్ట గడవదన్నమాట."

స్నేహితులు నవ్వారు. షాపతను ఇంకాస్త గట్టిగా నవ్వాడు.

పెద్దాయన కంప్యూటర్‌ని మళ్ళీ ముందుకి తిప్పి పెట్టాడు. అందరికీ దణ్ణం పెట్టి, మెట్టుమెట్టుకీ ఆగుతూ దిగి వెళ్ళిపోయాడు.

పది కంప్యూటర్లూ లంకకి వెళ్ళాయి. కొబ్బరికాయ కొట్టారు, శాలువాలు కప్పారు, పేపర్లో ఫొటో వచ్చింది.

ఎనిమిది నెలల తర్వాత, ఇంకో నాలుగు ఫొటోలు తీసుకుందామని కిరీటి మళ్ళీ పడవెక్కాడు.

పదిలో ఏడు మూలపడ్డాయి. రెండింటిని రిపేరుకి హైదరాబాదు పంపితే ఇంతవరకు తిరిగి రాలేదు. మిగతావాటిని విప్పుదామంటే విప్పే దారే లేదు.

పిల్లలంతా ఒక పాత కంప్యూటర్ చుట్టూ మూగి ఉన్నారు. ఒకమ్మాయి దాని మూత తీసి బ్రష్షుతో దుమ్ము దులుపుతోంది. ఊడదీసిన స్క్రూలు సీసా మూతలో ఉన్నాయి. ఆ పిల్ల చేతిలో ఉన్న స్క్రూడ్రైవర్ పిడికి ఎర్ర వైరు చుట్టి ఉంది.

కిరీటి ఆ పిల్ల దగ్గరికి వెళ్ళాడు.

"ఇదెక్కడిదమ్మా?"

"ఇశ్రాయేలు తాత ఇచ్చాడండి. పని కూడా తాతే నేర్పాడు."

పంతులమ్మ వినీల మిగతా సంగతి చెప్పింది. పదకొండేళ్ళుగా బడిలో ఏ కంప్యూటర్ పాడైనా ఆయనే వచ్చి బాగుచేసేవాడట. పడవ ఖర్చులిస్తామన్నా పుచ్చుకునేవాడు కాదట.

"ఇప్పుడెక్కడుంటారండీ? ఒక్కసారి కలవాలి."

"మీరు కంప్యూటర్లిచ్చిన నెలకే పోయారండి."

కిరీటి తలెత్తలేకపోయాడు. తను అన్న మాట, ఆ నవ్వులు చెవుల్లో మోగాయి.

"మీరంటే ఆయనకెంత గౌరవమో," అంది వినీల, పాపం, ఏమీ తెలియక. "షాపులో కూర్చోబెట్టి కాఫీ ఇప్పించారటగా. చెప్పిందంతా శ్రద్ధగా విన్నారట. అలాంటివి ఆ షాపులో దొరక్కే ఇవి కొన్నారని చెప్పారండి."

కిరీటి చూపు ఆ పిల్ల చేతిలోని స్క్రూడ్రైవర్ మీదే ఉంది.

"ఆరోజు పొద్దునే డాక్టర్లు మూడు నెలలకి మించి బతకరని చెప్పారండి. ఇంటికి కూడా వెళ్ళకుండా ఆసుపత్రి నుంచి నేరుగా మీ దగ్గరికే వచ్చారట, ఇకమీదట బాగుచేయడానికి తన అవసరం లేని కంప్యూటర్లు కొనమని అడగడానికి."