గాజు పలక

లెనిన్‌గ్రాడ్‌లోని మా ప్రయోగశాలలో దీపాలన్నీ ఆర్పితేగాని పని మొదలుకాదు. బతికున్న ప్రతిదీ కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని సన్నగా వెదజల్లుతుందని, చచ్చేముందు ఒక్కసారిగా గుప్పిస్తుందని మా పెద్దాయన వెనియమిన్ ల్వోవిచ్ నమ్మకం. ఆ కాంతి తగిలినప్పుడల్లా యంత్రం టిక్కుమంటుంది.

ఆ రాత్రి ఆయన ఉల్లివేరు మీద విషం చుక్క వేశాడు. యంత్రం వడగళ్లు పడ్డట్టు మోగి, మెల్లగా ఆగిపోయింది.

"చస్తూ ఎంత గోల చేసిందో విన్నావా, జీనా?" అని నవ్వాడు. "ఏదీ, ఇప్పుడు నీ చెయ్యి పెట్టు."

ఎప్పుడూ ఉండే వేళాకోళమే అది. చీకట్లో నా చేతికీ యంత్రానికీ మధ్య గాజు పలక దూర్చేవాడు. గాజు ఆ కాంతిని దాటనివ్వదు. యంత్రం మూగబోయేది. "నువ్వెప్పుడో పోయావే తల్లీ, పాతిపెట్టడమే తరువాయి!" అని అందరి ముందూ పకపకా నవ్వేవాడు.

ఈసారి పలక కోసం బల్లంతా తడుముకుంటున్నాడు. అది నా జేబులో ఉంది.

చెయ్యి పెట్టాను. టిక్... టిక్... తీరిగ్గా మోగింది.

"ఇక మీరు పెట్టండి," అన్నాను.

పెట్టాడు. వడగళ్లు మొదలయ్యాయి.

ఆయన నవ్వు ఆగిపోయింది. "జీనా, ఆ గాజు... ఆ గాజు అడ్డం పెట్టమ్మా," అన్నాడు. అంత మెత్తగా నన్నెప్పుడూ పిలవలేదు.

"చెయ్యి తియ్యకండి, వెనియమిన్ ల్వోవిచ్," అన్నాను. "చివరిదాకా వినాలిగా."

టిక్కుల మధ్య ఎడం పెరగసాగింది.