తొలి దోసిలి

పిల్లలు లేనివాడి చేతి విత్తనం మొలవదని నారాయణఖేడ్ చుట్టుపక్కల అందరికీ తెలుసు.

తెలుసు అంటే, ఎవరూ పరీక్షించి చూడలేదని అర్థం.

దానికి సాక్ష్యంగా మాణిక్యప్పను చూపేవారు. ముప్ఫై ఏళ్ల కిందట భార్య సంగమ్మతో, ఇద్దరు పసివాళ్లతో బీదర్ వైపు నుంచి వచ్చి, ఇక్కడ కంది పండించి, విత్తనాలు అమ్మి నిలదొక్కుకున్న మనిషి. ఇద్దరు కొడుకులున్న చేయి కాబట్టే అతనిచ్చిన ప్రతి గింజా మొలుస్తుందట. మృగశిర కార్తె వస్తే నాగల్‌గిద్ద రైతులు కూడా బండ్లు కట్టుకొని వచ్చేవారు. సంచిలో తొలి దోసిలి అతనే పోయాలి. తక్కినది ఎవరు కొలిచినా ఫరవాలేదు. మూఢనమ్మకానికి ఇలాంటి వెసులుబాట్లు చాలా ఉంటాయి.

ఆ ఏడు మాణిక్యప్పకు చేతులు వణకడం మొదలైంది. చేనూ, విత్తనాల వ్యాపారమూ ఎవరికో ఒకరికి అప్పగించక తప్పలేదు.

పెద్దవాడు మొగులప్ప. చేలో ఎండుతెగులు సోకిన మొక్కను గట్టు మీది నుంచే పసిగట్టి పీకేస్తాడు. విత్తనం ఎండబెట్టి, బూడిద కలిపి, పురుగు పట్టకుండా దాచేది అతనూ, అతని భార్య అమృతమ్మా. వాళ్లకు పిల్లలు లేరు.

చిన్నవాడు బాలప్ప. ఏ పనీ రాదు. ముగ్గురు కొడుకులు.

నిరుడు మాణిక్యప్పకు జ్వరమొస్తే, మొగులప్ప ఒక రైతుకు తొలి దోసిలి పోశాడు. చేను ఏపుగా మొలిచింది. “ముసలాయన ఇంట్లనే ఉండె గదా, ఆయన గాలి సోకింది” అన్నారు. బాలప్ప పోసిన విత్తనం సగం కూడా మొలవలేదు. “వదిన నీడ పడ్డది” అన్నారు. అమృతమ్మ ఏడవడం అప్పటితో మానేసింది. ఇంత తెలివితక్కువ మనుషుల కోసం కన్నీళ్లెందుకని.

అప్పగింత నాడు వాకిలి నిండా రైతులు.

“ఇగ నాతోని గాదు” అన్నాడు మాణిక్యప్ప. “ఇయ్యాల్టి సంది తొలి దోసిలి బాలప్పది. చేను, ఇత్తనం అన్నీ వానికే. పెద్దోడు వాని కింద పని చేసుకుంటడు.”

“పంట నేను తీస్తున్న గదా నాయినా!” అన్నాడు మొగులప్ప.

“తీస్తున్నవు. గని నీ చేతికి వాసి లేదు. గొడ్డోని చెయ్యి ఇత్తనాన్ని సంపుతది.”

గులాం రసూల్ అనే రైతు నవ్వాడు. “కంది మొలిచేది వానకా, పిల్లలకా మాణిక్యప్పా?”

“నవ్వకు రసూల్. ఇద్దరు కొడుకుల తండ్రిని చెప్తున్న.”

అమృతమ్మ గడప దాటి వచ్చింది. “మామా, సంచులు మొయ్యనీకె గొడ్డోని బుజం పనికొస్తది, ఎండబెట్టనీకె గొడ్డుదాని చేతులు పనికొస్తయి. గప్పుడు సావయా గీ ఇత్తనాలు?”

“నోరు ముయ్యి! లోపలికి నడువు.”

బాలప్ప ఠీవిగా ముందుకు వచ్చి, దగ్గరగా ఉన్న సంచిలో రెండు చేతులూ ముంచాడు. అది పప్పు విసరడానికి పక్కన పెట్టిన పుచ్చు కందుల సంచి. రైతులు మర్యాదగా ఆకాశం వైపు చూశారు. రసూల్ మాత్రం తన సంచి మూతి గట్టిగా పట్టుకొని వెనక్కి జరిగాడు.

“ఏవైతేంది?” గద్దించాడు మాణిక్యప్ప. “పిల్లలున్నోని చెయ్యి తాకితే పుచ్చుది గూడ మొలుస్తది. పట్టు సంచి, రసూల్!”

అమృతమ్మకు నవ్వు వచ్చింది. ఆ నవ్వులో ఏహ్యం తప్ప ఇంకేమీ లేదు. “నడువు” అంది మొగులప్పతో. “ఇంత మొగోడు మామ. ఆయన ఇత్తనం, ఆయన ఇష్టం. మనం యాడన్న కూలి చేసుకుందాం.”

మొగులప్ప భుజం మీది తువ్వాలు దులుపుకొని కదిలాడు.

అప్పటిదాకా గోడ వారన కూర్చున్న సంగమ్మ లేచి, కొడుకు చేయి పట్టి ఆపింది. నలుగురిలో ఆమె గొంతు ఎవరూ ఎన్నడూ విన్నది కాదు.

“సంగీ, ఊకో” అన్నాడు మాణిక్యప్ప.

“ముప్ఫై ఏండ్లు ఊకున్న” అంది సంగమ్మ, వాకిట్లో అందరికీ వినబడేటట్లు. “మనకు ఒక్కరు గూడ పుట్టలే, వీండ్లిద్దరు కలరాల పోయిన నీ తమ్ముని పిల్లలు.”