వరసలో మొదటివాడు

దానం కూతకు వెళ్లి, ఎదుటివాణ్ణి తాకి, గీత దాటి వెనక్కి వచ్చిపడ్డాడు.

కబడ్డీలో పాయింటు వస్తే బయట కూర్చున్నవాళ్లలో ఒకడు మళ్లీ ఆటలోకి రావచ్చు. ముందు అవుటైనవాడు ముందు లేవాలి. ఈ జట్టులో ఇంకో కట్టుబాటు కూడా ఉంది. కెప్టెన్ పేరు పెట్టి పిలిస్తే తప్ప ఎవడూ కదలకూడదు.

కెప్టెన్ పోలిరాజు చెయ్యెత్తి వరస వైపు చూశాడు.

వరస మొదట్లో ఎవరో కొత్త మనిషి!

నలభై ఏళ్లుంటాయి. వెలిసిపోయిన నీలం బనీను, ఎడమ మోకాలికి నల్లగుడ్డ. పోలిరాజు చెయ్యి చూసి సగం లేచాడు.

"కామరాజూ, రా!" అని కేకేశాడు పోలిరాజు.

వెనకున్న కామరాజు లోపలికి ఉరికాడు. ఆ మనిషి మళ్లీ కూర్చున్నాడు.

ఐనవిల్లిలో ఆ పందెం పోయింది. అది పెద్ద వింతేం కాదు, ఆ ఏడు అన్నీ పోతూనే ఉన్నాయి.

అంబాజీపేట కొబ్బరి వ్యాపారి సుందరరావు గారు జీతాలిచ్చి పోషిస్తున్న జట్టు అది. ఒకప్పుడు కోనసీమలో దానికి ఎదురులేదట. ద్రాక్షారామం నుంచి పోలిరాజును తెచ్చి కెప్టెన్ని చేసేనాటికే ఓడిపోవడం అందరికీ అలవాటైపోయింది. అవుటైనవాడు తువ్వాలు మొహాన వేసుకుని కునుకు తీసేవాడు.

"కొత్తపేటలో కూడా ఓడితే జట్టు ఎత్తేస్తానండి," అని సుందరరావు గారు మొహం మీదే చెప్పేశారు.

పోలిరాజుకు ఆట తప్ప మరో పని రాదు.

రాజోలులోనూ ఆ మనిషి వరస మొదట్లోనే కూర్చున్నాడు. ఆ రోజు ఎవడూ కునుకు తీయలేదు. అవుటైనవాడు కళ్లప్పగించి ఆట చూశాడు. పిలవగానే పులిలా దూకాడు.

గెలిచారు!

తిరుగు ప్రయాణంలో టెంపోలో పోలిరాజు అడిగాడు. "ఎవర్రా ఆయన?"

"మీరు తెచ్చేరనుకున్నామండి," అన్నాడు దానం. "మమ్మల్ని పడుకోనివ్వరండి. 'అవుటైనంత మాత్రాన ఆట అయిపోలేదు, వాడి కాలు చూడు, ఎటు తిప్పుతున్నాడో చూడు' అంటారు. మంచి మనిషేనండి. కాకపోతే..."

"కాకపోతే?"

"పక్కన కూర్చుంటే తెల్లారగట్ల కాలవలో దిగినట్టుంటాదండి. మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా."

పోలిరాజు ఆ మాట పట్టించుకోలేదు. అతని బుర్రలో తిరుగుతున్నది వేరు. సుందరరావు గారు కొత్త కెప్టెన్ని చూసుకున్నారు. తన చోటుకు ఎసరు పెట్టారు. కుర్రాళ్లు కూడా కూతకు వెళ్లేముందు తన వైపు కాక ఆ వరస వైపే చూస్తున్నారు. గెలిచిన ఆనందం ఆ కడుపుమంటలో మాడిపోయింది.

కొత్తపేటలో మొదటి సగంలోనే పోలిరాజు అవుటయ్యాడు. వెళ్లి ఆ మనిషి వెనక కూర్చున్నాడు.

వీపు మీద ఎండ చురచురలాడుతోంది. ముందు నుంచి మాత్రం చలి కొడుతోంది. గ్రౌండంతా పొడి దుమ్ము. ఆయన మోకాళ్లకు తడి మట్టి.

"దానం ఇప్పుడు తెస్తాడండి పాయింటు," అన్నాడాయన తల తిప్పకుండా.

దానం తెచ్చాడు. విరామం ఈల పడేసరికి జట్టు ముందంజలో ఉంది.

పోలిరాజు ఇక ఆగలేకపోయాడు. "ఎవరండీ మీరు? ఇక్కడ ఎవరు కూర్చోమన్నారు?"

"అవుటయ్యేనండి. ఇంకా పిలవలేదండి."

వేళాకోళమాడుతున్నాడనుకున్నాడు పోలిరాజు. ఒళ్లు మండిపోయింది.

"మీరు మా జట్టు కాదు. లేచి వెళ్లిపొండి!"

ఆయన అప్పుడు తలెత్తి చూశాడు. ఆ కళ్లలో కోపం లేదు.

"కెప్టెన్ గారి మాటేనాండి?"

"నా మాటే!"

"ఆయ్. అయితే లేవాలండి."

లేచాడు. గీత తొక్కకుండా చుట్టూ తిరిగి జనం వైపు నడిచాడు. జనం పక్కకు జరిగి దారి ఇవ్వలేదు. అయినా ఆయన మళ్లీ కనపడలేదు.

రెండో సగంలో పోలిరాజు మళ్లీ ఆటలోకి దిగినా జట్టు కుప్పకూలింది. ఒక్కొక్కడూ అవుటై, వెళ్లి, తువ్వాలు మొహాన వేసుకున్నాడు. మొదటి చోటు మాత్రం ఎవడూ తీసుకోలేదు. చివరికి పోలిరాజు ఒక్కడే మిగిలాడు. ఎలాగో ఒకణ్ణి తాకి వచ్చి, చెయ్యెత్తి పిలిచాడు. కామరాజు కాళ్లీడ్చుకుంటూ వచ్చాడు. మరుసటి కూతలోనే ఇద్దరూ అవుట్.

ఓడిపోయారు. సుందరరావు గారు ఎవరితోనూ మాట్లాడకుండా కారెక్కి వెళ్లిపోయారు.

బంగారరాజు గారు గ్లాసులు ఏరుకుంటున్నారు. జట్టు పుట్టినప్పటి నుంచీ నీళ్లందించే పెద్దాయన.

"ఆయనకి ఒక్కసారి కూడా నీళ్లివ్వలేదేంటండీ?" అన్నాడు పోలిరాజు.

"ఎవరికండీ?"

"వరస మొదట్లో కూర్చునేవారు కదండీ. నీలం బనీను. ఎడమ మోకాలికి నల్లగుడ్డ."

బంగారరాజు గారు గ్లాసులు కింద పెట్టేశారు.

"ఆ చోట్లో నాకెప్పుడూ ఎవరూ కనపడలేదండి," అన్నారు. "ఆ నల్లగుడ్డ కృపారావు గారిది. పెద్ద తుఫానుకు ముందటేడు, ఈ గ్రౌండులోనే, వాన పడ్డ రోజున, అవుటై అక్కడే కూర్చున్నారు. పాయింటొచ్చినా లేవలేదు. అలిసేరేమోనని అప్పటి కెప్టెన్ ఆయన పేరు పిలవకుండా వెనకోణ్ణి పిలిచేరండి. గెలిచేం. భుజాలమీద ఎత్తుకుందామని వెళ్తే... ఒళ్లు చల్లగా ఉందండి."

పోలిరాజు వరస వైపు చూశాడు.

"నా చోటు కోసం వచ్చేరనుకున్నానండి."

"మీ చోటు ఆయనదేనండి. ఈ జట్టుకి మొదటి కెప్టెన్ ఆయనే, కెప్టెన్ పిలిస్తే తప్ప లేవకూడదని మాకు నేర్పిందీ ఆయనేనండి."