బయట కనబడితే

"ఒక్క గీతొస్తే ఏంది మేడం, రెండొస్తే ఏంది?" బిక్షపతి అడగడం అది నాలుగోసారి.

"ఒక్కటొస్తే హెచ్‌ఐవీ లేనట్టు. రెండొస్తే ఇంకా పరీక్షలు జేసి జెప్తం. ఇరవై నిమిషాలు ఓపిక వట్టన్నా," అంది సుమేరా మేడం. మేడ్చల్ సర్కారు దవాఖానలో ఈ పరీక్షకొచ్చినవాళ్లకు ధైర్యం చెప్పే పని ఆవిడదే.

బల్ల మీద పరీక్ష పట్టీ, దాని మీద అతని వేలి రక్తం. అటు చూస్తే కళ్లు తిరుగుతున్నాయని బిక్షపతి గోడకేసి తిరిగి కూర్చున్నాడు.

"ఇంతకూ నీకు భయం ఎందుకు వట్టుకున్నది?"

చొక్కా చెయ్యి పైకి లాగి చూపించాడు. కొత్త పచ్చబొట్టు. సుశీల అని ఉంది.

"శివరాత్రికి కీసర జాతరల పొడిపిచ్చుకున్న. నా పెండ్లాం నా పేరు పొడిపిచ్చుకున్నది. ఆడు అందరికీ ఒకటే సూది వాడిండు. మొన్న టీవీల సూదితోని గూడ అంటుకుంటదన్నరు. గప్పటి సంది ముద్ద దిగుతలేదు."

ఆ పేరు చదవగానే మేడం పెదవుల మీదికి నవ్వొచ్చింది. వెంటనే మింగేసింది.

"జాతరై నాలుగు నెలలాయె. ఇగ పరీక్షల తేలిపోతది. మరి ఇంట్ల సుశీలక్కకు జెప్పినవా?"

"అమ్మో! గీ పరీక్షకొచ్చిన అంటే సూది ముచ్చట ఇంటదా? యాడ తిరిగొచ్చినవని చీపురు తిరగేస్తది!"

"నిమ్మళంగ నువ్వే జెప్పన్నా. ఒకరికొకరు దాసుకునే ముచ్చట గాదిది."

ఇరవై నిమిషాలయ్యాయి. ఒక్కటే గీత. బిక్షపతి లేచి పట్టీకే దండం పెట్టాడు. గుమ్మం దాకా పోయి, ఏదో గుర్తొచ్చి గబగబా వెనక్కొచ్చాడు.

"మేడం, మీరు మా శామీర్‌పేట అంగడికొస్తరు గద! నా పెండ్లాం ముందల పలకరిస్తే నా కొంప మునుగుతది."

"మా పద్ధతే గదన్నా. బయట కనబడితే నువ్వు పలకరిస్తేనే నేను పలకరిస్త. లేకుంటే నువ్వెవరో నేనెవరో."

ఆ వారం అంగడిలో అనుకున్నంతా అయింది. సంచి పట్టుకుని సుమేరా మేడం ఎదురుగా వస్తోంది. బిక్షపతి పక్కన సుశీల. అతను చటుక్కున వంగి, పుట్టి ఎన్నడూ తినని కాకరకాయలను ఒక్కొక్కటే తిప్పి చూడసాగాడు. సుశీల కూడా మిరపకాయల గుట్ట మీదికి వంగింది. తల ఎత్తకుండా ఏరుతోంది.

మేడం చూపు పక్కకు తిప్పలేదు. ముక్కుసూటిగా దాటిపోయింది.

బిక్షపతి గుండెల నిండా గాలి పీల్చి వదిలాడు. అంతకంటే గట్టిగా సుశీల వదిలింది.

"మాటంటే మేడందే!" అంది మురిసిపోతూ. "బయట కనబడితే పలకరియ్యనన్నది, పలకరియ్యలే!"