ఒలికిన ఇంకు

నిమియా గదిలోకి వచ్చేసరికి భర్త ఎలీహియో కుడిచెయ్యి మణికట్టు దాకా నీలంగా ఉంది.

బట్ట కత్తిరించే బల్ల మీద ఇంకు బుడ్డి బోర్లా పడి ఉంది. పక్కనే ఆ జర్మన్ పెన్ను. వెనకున్న మర ఒకవైపు తిప్పితే ఇంకు పీల్చుకుంటుంది, రెండోవైపు తిప్పితే కక్కేస్తుంది. ఎన్‌కర్నసియోన్ ఊరు వదిలి వెళ్లిపోతూ ఓ పాత ఖాతాదారు టైలర్ ఎలీహియోకి ప్రేమగా ఇచ్చిపోయిన పెన్ను అది. నోటరీ గారి కోసం కుడుతున్న తెల్ల లినెన్ కోటు సగం తడిసిపోయింది.

"ఏం చేశావు?"

"ఇంకు నింపుతుంటే మర అటు తిరిగింది. మొత్తం కక్కేసింది. కంగారులో బుడ్డి కూడా దొర్లింది."

"కొలతలు రాసుకోడానికి పెన్సిలుంది కదా! ఏడాదికోసారి తియ్యవు ఆ పెన్ను, ఇవాళే తియ్యాలనిపించిందా? పొద్దున్నే చిపా రొట్టెలు తెస్తానని సంత వీధికి వెళ్లి ఉత్త చేతుల్తో వచ్చావు. వచ్చి ఈ నిర్వాకమా?"

ఎలీహియో బోర్లా పడ్డ బుడ్డిని నిలబెట్టాడు.

అప్పుడే పక్కింటి ఎలోదియా పిన్ని రొప్పుతూ లోపలికొచ్చింది.

"నిమియా! పోలీసు ట్రక్కు వచ్చిందే! సంత వీధి నుంచి ఒక్క ఇల్లూ వదలకుండా వస్తున్నారు. ఆ కాయితాల కోసమట. చేతులు చాపమంటున్నారు. ఇంకు కనిపిస్తే చాలు, ఎక్కించేస్తున్నారు..."

మాట పూర్తి కాకుండానే ఆమె కళ్లు ఎలీహియో చేతి మీద పడ్డాయి.

"అయ్యో మేరీ తల్లీ!"

ఆ కాయితాల సంగతి ఊరందరికీ తెలుసు. చర్చి మెట్ల మీద, బస్సు సీట్ల కింద, కూరగాయల బుట్టల్లో దొరుకుతున్నాయి. అన్నీ చేతిరాతే. అన్నింట్లో ఒకటే ప్రశ్న. పట్టుకెళ్లిన మా మనుషులు ఎక్కడ?

నిమియా తమ్ముడు పోయిన ఏడు ఆ ట్రక్కే ఎక్కాడు. మళ్లీ ఇంటికి రాలేదు.

ఆమె ఇంకేం ఆలోచించలేదు. భర్తను పెరట్లోకి లాక్కెళ్లి చెయ్యి తొట్టిలో ముంచింది. కొబ్బరి సబ్బు పెట్టి రుద్దడం మొదలుపెట్టింది.

"ఉండనీ నిమియా. ఒలికిందని చెప్తాను. బల్ల చూపిస్తాను, కోటు చూపిస్తాను."

"చెప్తే వింటారా? మా తమ్ముడు చెప్తే విన్నారా?"

"నా మాట విను. వదిలెయ్."

చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఆమె మళ్లీ పట్టుకుంది.

"మతి పోయిందా నీకు? పిన్నీ, గట్టిగా పట్టుకో ఇతన్ని!"

ఎలోదియా అతని మోచెయ్యి పట్టుకుంది. ఎలీహియో ఆమె మొహంలోకి చూశాడు. ఏ ఇంటి మాట ఎవరు ఠాణాకి మోస్తున్నారో తెలియని రోజులు. నోటిదాకా వచ్చిన మాట మింగేశాడు.

నిమియా పుల్ల నారింజలు కోసి పిండింది. పొయ్యిలో బూడిద తెచ్చి పామింది. తొట్టిలో నీళ్లు నీలమయ్యాయి. పారబోసి మళ్లీ నింపింది. ఆమె గోళ్ల కింద చర్మం చిట్లి నారింజ రసం మండుతోంది. వీధిలో తలుపులు దబదబా కొడుతున్న చప్పుడు. ఎవరో ఆడమనిషి ఏడుపు.

"వదుల్తోంది! పిన్నీ, చూడు, వదుల్తోంది!"

నిజంగానే వదిలింది. మణికట్టు తెల్లబడింది. అరచెయ్యి తెల్లబడింది. చిటికెన వేలు, ఉంగరం వేలు శుభ్రమయ్యాయి. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఆ మూడింటి కొసల దగ్గర మాత్రం నీలం మొండికేసింది. ఇసుక వేసి రుద్దింది. రక్తం చిమ్మింది గానీ రంగు పోలేదు.

"దేవుడా, ఈ కాస్త! ఈ కాస్త పోగొట్టు!"

తలుపు తోసుకుని సార్జెంటు వచ్చాడు. వెనక ఇద్దరు పోలీసులు.

"ఏమయ్యా టైలరూ, చెయ్యి చాపు."

ఎలీహియో చాపాడు. తడిచెయ్యి ఎండలో మెరిసింది. సార్జెంటు ఆ మూడు వేళ్లూ దగ్గరికి చేర్చి, పెన్ను పట్టుకున్నట్టు మడిచి చూశాడు.

"అది ఒలికిన ఇంకు సార్!" నిమియా అతని కాళ్ల మీద పడింది. "మేరీ తల్లి సాక్షి! ఇందాకటి దాకా చెయ్యంతా ఉంది. నేనే కడిగాను. కావాలంటే పిన్నిని అడగండి!"

"ఒలికిందైతే ఇదీ పోయుండేదమ్మా. అవతలి వీధిలో ప్రెస్సువాడు మోచేతుల దాకా ఇంకులో మునిగి ఉన్నాడు. నవ్వి వదిలేశాం. మేం వెతికేది ఇంకు పడ్డ చెయ్యి కాదు, ఇంకు ఇంకిన వేళ్లు."

పోలీసులు చెరో రెక్కా పట్టుకున్నారు. నిమియా భర్త చొక్కా వదల్లేదు.

"సరిగ్గా కడగలేకపోయాను. ఇంకాస్సేపు దొరికితే పోగొట్టేసేదాన్ని. నా చేతకానితనం వల్లే..."

ఎలీహియో ఆమె చేతులు చూశాడు. చర్మం లేచిపోయి ఎర్రగా ఉన్నాయి.

"కొబ్బరి నూనె రాసుకో," అన్నాడు. "పని తర్వాత చూసుకోవచ్చు. ముందు నూనె రాసుకో."

వీధంతా కిటికీల వెనక నిలబడి చూస్తోంది. నిమియా గుమ్మం దాకా పరుగెత్తి అతని పేరు పెట్టి అరిచింది. మరోసారి అరిచింది.

ఆ మూడు వేళ్ల పాత మరక కనబడకూడదనే పొద్దున చెయ్యంతా ఇంకు ఒలకబోసుకున్నానన్న సంగతి తన మొహంలో ఆమెకి ఎక్కడ కనిపిస్తుందోనని, ఎలీహియో ట్రక్కెక్కేటప్పుడు వెనక్కి తిరిగి చూడలేదు.