లీటరు పరీక్ష

"లీటరుకి ఇరవై. అంతకంటే ఒక్క కిలోమీటరు ఎక్కువిచ్చినా నా మీసం తీయించేసుకుంటా బావా!"

"ముప్పై. తక్కువిస్తే ఈ బండిని నీ షెడ్డులోనే తుక్కు కింద పారేసి పోతా!"

మెకానిక్ షెడ్డు ముందు పొద్దున్నే మొదలైన గొడవ ఇది. రాళ్లలో, బురదలో తిరగడానికి చేసిన ఆ ఎత్తు మోటారుసైకిలు ఇద్దరి మధ్యా స్టాండు వేసుకుని నిలబడి ఉంది. ముప్పై అంటున్నది దాని యజమాని, కళ్లజోళ్ల షాపు బావ. ఇరవై అంటున్నది మెకానిక్, ఆయన భార్యకు సొంత తమ్ముడు.

వచ్చే వారం బావ ఒంటరిగా అడవి దారి దాటాలని పట్టుబట్టాడు. రెండు వందల పది కిలోమీటర్ల అడవి. మధ్యలో పెట్రోలు బంకన్న మాటే లేదు. టాంకులో పట్టేది ఎనిమిది లీటర్లు.

"ఎనిమిది ఇరవైలు నూట అరవై. మిగతా యాభై కిలోమీటర్లూ బండి నిన్ను మొయ్యదు బావా, నువ్వే దాన్ని మొయ్యాలి."

"ఎనిమిది ముప్పైలు రెండు వందల నలభై. లెక్కలు రానివాడివి, పానాలు పట్టుకుని నీ పని నువ్వు చూసుకోరా బామ్మర్దీ!"

వీళ్ల గోల భరించలేక అక్క రాత్రే తీర్పు చెప్పేసింది. టాంకు ఖాళీ చేసి ఒక్క లీటరు పోయాలి. ఆగేదాకా నడపాలి. ఇరవై ఏడు దాటితే మొగుడు అడవికి వెళ్లొచ్చు. దాటకపోతే బండి అమ్మేయాలి. ఆవిడ ఒకసారి అన్నదంటే అన్నట్టే.

మెకానిక్ టాంకు ఖాళీ చేసి, కొలిచి సరిగ్గా లీటరు పోశాడు. బండికి మీటరు లేదు, రాయి తగిలి ఏనాడో పగిలిపోయింది. అందుకని వెనకాల వ్యాను నడుపుతూ దాని మీటరు చూసుకోవాలి. వ్యాను తీయడానికి ఇద్దరూ షెడ్డు వెనక్కి వెళ్లారు. అక్కడా అదే వాదన.

అంతలో షెడ్డు ముందు కిక్కు కొట్టిన చప్పుడు, వెంటనే ఇంజను రొద వినిపించాయి. పరుగెత్తుకొచ్చేసరికి అక్కడ స్టాండు దిగబడిన గుంట తప్ప ఏమీ లేదు. మట్టి రోడ్డు మలుపులో దుమ్ము లేచింది.

"అయ్యయ్యో! నా బండి!" బావ నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

"కంగారు పడకు. ఉన్నది లీటరే. ఈ రోడ్డుకి పక్కదారులు లేవు. ఇరవయ్యో కిలోమీటరు దగ్గర ఆగిపోయి ఉంటుంది, పద."

"మరి ముప్పై ఇస్తే?"

మెకానిక్ వ్యాను ఎక్కుతూ ఆగాడు. "ఇరవై ఎనిమిదో కిలోమీటరు దగ్గర బంకుంది. దొంగ అక్కడిదాకా వెళ్లాడంటే ఫుల్లు కొట్టించుకుని పోతాడు. ఇక మర్చిపో."

వ్యానులో బావ అవస్థ పగవాడికి కూడా వద్దు. ఇరవై ఇస్తే బండి దొరుకుతుంది, అడవి పోతుంది. ముప్పై ఇస్తే మాట నెగ్గుతుంది, బండి పోతుంది. దేనికి దండం పెట్టుకోవాలో తెలియక కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

పద్దెనిమిది. ఇరవై. ఎదురుగా రెండు మేకలు తప్ప ఏమీ లేవు. ఇరవై రెండు. మెకానిక్ చెయ్యి మీసం మీదికి వెళ్లింది. ఇరవై అయిదు దాటాక బావ మొహంలో ఏడుపూ నవ్వూ ఒకేసారి కనిపించాయి.

"పోయిందిరా బండి," అన్నాడు. "కానీ చూశావా? నేను చెప్పలా?"

ఇరవై ఎనిమిదో కిలోమీటరు. బంకు గేటుకి 'స్టాకు లేదు' అన్న బోర్డు వేలాడుతోంది. ఆ బోర్డు కింద మోటారుసైకిలు. దాని పక్కన నడివయసు మనిషొకడు మోకాళ్ల మీద తల పెట్టుకుని కూర్చున్నాడు.

మెకానిక్ ఒక్క ఉరుకులో వెళ్లి వాడి కాలరు పట్టుకున్నాడు.

"వదిలెయ్ రా వాణ్ని! వాడు నా సాక్షి!" బావ అప్పటికే భార్యకు ఫోను కలిపేశాడు. "ఇదిగో, వింటున్నావా? ఇరవై ఎనిమిది! బండి ఎదురుగానే ఉంది. నీ తమ్ముణ్ని అడుగు!"

మెకానిక్ ఫోను తీసుకున్నాడు. "అవునక్కా. బంకు దాకా వచ్చింది. నాదే తప్పు. బావని వెళ్లనీ."

"సరే, వెళ్లిరమ్మను," అంది అక్క. ఆ గొంతులో భయం ఉంది గానీ మాట మారలేదు.

బావ ఆనందం పట్టలేక దొంగ భుజాలు పట్టుకుని ఊపేశాడు. "నువ్వు మామూలోడివి కాదయ్యా! నేను నడిపినా ఇంత వచ్చేది కాదేమో. ఏ గేరులో వచ్చావు? స్పీడెంత పెట్టావు? అడవిలో అలాగే నడుపుతా, చెప్పు!"

దొంగ బిక్కమొహం వేసుకుని ఆయన్నే చూస్తున్నాడు.

మెకానిక్ వ్యానులోంచి పెట్రోలు క్యాను తెచ్చి టాంకు మూత తీశాడు. లోపలికి చూశాడు. బండిని అటూ ఇటూ ఊపి మళ్లీ చూశాడు. తర్వాత కిందికి వంగి టాంకు అడుగున, ఇంజనుకి పెట్రోలు వదిలే కుళాయి తడిమాడు. పొద్దున లీటరు పోసేముందు తను కట్టేసిన కుళాయి కట్టేసినట్టే ఉంది.

"చెప్పవయ్యా, ఎలా నడిపావు?" బావ ఇంకా బతిమాలుతూనే ఉన్నాడు.

"నేనెక్కడ నడిపాను సార్! మీ రోడ్డు మలుపు దాటగానే ఆగిపోయింది. పెట్రోలు అయిపోయిందేమోనని, కంకర లారీలో ఎక్కించుకుని బంకుకి తెచ్చా."