పాప సాక్ష్యం

“ఏం ద్వాలీ, మళ్ల వచ్చినవా? తిరిగి తిరిగి నీకు యాష్టకు రాదా?”

మిర్చి బజ్జీ నములుతూ అడిగాడు డిఫెన్స్ లాయర్ రామనర్సయ్య.

కోర్టు వరండా గోడల నిండా గుట్కా మరకలు. వాటికి వీపు ఆనకుండా ముందుకు వంగి, పాపను ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చుంది ద్వాలి. గుండాల అడవుల్లోని తండా నుంచి మొదటి బస్సుకు వచ్చారు ఇద్దరూ.

“రాక ఏం జేస్త సార్? పిలిస్తే రావాలె గద.”

“వస్తవ్, పోతవ్. బస్సోళ్లు బాగుపడుతున్నరు.”

నూనె చేతిని నల్లకోటుకు తుడుచుకుని పక్కనున్న మనిషి వైపు చూసి నవ్వాడు రామనర్సయ్య. ఆ మనిషి కూడా నవ్వాడు. ఇస్త్రీ చొక్కా, జుట్టుకు రంగు. హాస్టల్ వార్డెన్‌గా పనిచేసినవాడు. హాస్టల్లో చదువుకునే పదకొండేళ్ల పాప మీద అఘాయిత్యం చేశాడని కేసు. బెయిలు మీద తిరుగుతున్నాడు.

పాప నోరు తెరిస్తే జైలుకు పోతాడు. తెరవకపోతే ఇంటికి పోతాడు. అంతే కేసు.

ఆ నోరు తెరిచే రోజే రావడం లేదు. ఒకసారి లాయర్ల సమ్మె. ఒకసారి జడ్జి బదిలీ. ఒకసారి ఫైలే కనపడలేదు. మిగతా సార్లు వార్డెన్‌కు గుండెనొప్పి. సరిగ్గా వాయిదా ముందురోజు వచ్చేది, వాయిదా పడగానే తగ్గేది.

కొత్తగా వచ్చిన జడ్జి మాత్రం తేల్చి చెప్పేశారు. ఈరోజు పాప సాక్ష్యం జరగాలి. జరగకపోతే కేసు మూసేస్తారు.

ప్రభుత్వ ప్రాసిక్యూటర్ ప్రభాకర్ పరుగున వచ్చాడు. అతనూ కొత్తవాడే. ఫైలు చేతికొచ్చింది నిన్న. చదివింది మొదటి పేజీ. ‘బాధితురాలు: బాలిక, వయసు 11’ అని ఉంది. పేరు లేదు. ఇలాంటి కేసుల్లో పేరు బయటపెట్టకూడదని చట్టం.

పాపను ఎగాదిగా చూశాడు.

“పదకొండేండ్లా? గింతే ఉందేంది? పిల్లకు తిండి గిట్ల పెడుతున్నవా లేదా?”

“సార్, నేను చెప్పేది...”

“తండా పిల్లలు గట్లనే ఉంటరు సార్,” అన్నాడు వెనకాల గుమాస్తా.

ద్వాలి మళ్లీ నోరు తెరిచింది. ప్రభాకర్ వేలెత్తి ఆపాడు.

“నువ్వు మాట్లాడొద్దమ్మా. తల్లి నేర్పింది, పిల్ల ఒప్పజెప్పింది అంటడు అవతలి లాయర్. కేసు ఖతం. లోపలికొచ్చి వెనక బెంచీ మీద కూర్చో. సైగ గిట్ల చేసినవంటే ఇగ నేను గూడ ఏం చెయ్యలేను.”

“గది కాదు సార్...”

“ఒక్కసారి చెప్తే సమజ్ గాదా?”

అయింది. ఈ కోర్టు ఆమెకు బాగా నేర్పింది అదొక్కటే. నోరు మూసుకోవడం.

రామనర్సయ్య పక్కనే నిలబడి అంతా విన్నాడు. ఇంకో బజ్జీ తీసుకున్నాడు.

అటెండర్ కేసు నంబరు పిలిచాడు. అందరూ లోపలికి వెళ్లాక తలుపులు మూశారు. ముద్దాయి కనపడకుండా గదికి అడ్డంగా తెర కట్టి ఉంది. తెరకు ఇవతల ఒక కుర్చీ. ప్రభాకర్ పాప చేతిలో చాక్లెట్ పెట్టి అందులో కూర్చోబెట్టాడు. ద్వాలిని వెనక్కి పంపాడు.

చిన్నపిల్లలు సాక్ష్యం చెప్పే ముందు, నిజానికీ అబద్ధానికీ తేడా తెలుసో లేదో చూడటం రివాజు. జడ్జి మెత్తగా అడిగారు.

“అబద్ధం చెబితే ఏమవుతుందమ్మా?”

“అమ్మ కొడ్తది.”

గదంతా నవ్వింది. తెర అవతల వార్డెన్ కూడా నవ్వాడు. అందరికంటే ఎక్కువసేపు.

రామనర్సయ్య లేచాడు. చట్టం ప్రకారం పాపను అతను నేరుగా ప్రశ్నించకూడదు, జడ్జి ద్వారానే అడగాలి. అందుకని ఒక ఫొటో తీసి జడ్జికి అందించాడు.

“ముందు ఈయన్ని గుర్తుపడుతుందేమో అడగండి సార్. నాకు ఇంకేం అక్కర్లేదు.”

ముందు అడగాల్సిన ప్రభాకర్ అభ్యంతరం చెప్పలేదు. రెండో పేజీ వెతుక్కుంటున్నాడు.

పాప ఫొటోను అటూ ఇటూ తిప్పింది. అందులోని వార్డెన్ ముఖం మీద చాక్లెట్ వేలిముద్రలు పడ్డాయి.

“ఈయన్ని ఎప్పుడైనా చూశావా అమ్మా?” అడిగారు జడ్జి.

“అవ్. ఇయ్యాల్నే చూసిన. బయట నవ్విండు.”

“అంతకు ముందు? హాస్టల్లో?”

“లే. తెల్వదు.”

“ఈరోజే మొదటిసారి చూశానని చెప్పింది సార్. అట్లాగే రాయించండి,” అన్నాడు రామనర్సయ్య. మర్యాదగా, దాదాపు జాలిగా.

ప్రభాకర్ పేజీలు తిప్పడం ఆపేశాడు. జడ్జి ఒక్క క్షణం పాపను చూసి, నిట్టూర్చి, టైపిస్టు వైపు తిరిగారు.

“సాక్షి ముద్దాయిని గుర్తించలేదు...”

టైపిస్టు వేళ్లు కదిలాయి. తెర అవతల వార్డెన్ ఊపిరి వదలడం అందరికీ వినిపించింది. రామనర్సయ్య అప్పుడే ఫైలుకు దారం చుడుతున్నాడు.

వెనక బెంచీ కిర్రుమంది.

“ఏయ్, కూసో!” అరిచాడు అటెండర్.

“టైపు ఆపమనుండ్రి,” అంటూ ద్వాలి ముందుకు నడిచింది.

“కొంపముంచుతున్నవమ్మా! నీకేం చెప్పిన నేను?” ప్రభాకర్ తల పట్టుకున్నాడు.

రామనర్సయ్య చటుక్కున ఆమెకు అడ్డం వచ్చాడు. “తల్లి సాక్షిని బెదిరిస్తోంది సార్, బయటికి పంపించండి!”

ద్వాలి అతన్ని పక్కకు నెట్టి, పాపను కుర్చీలోంచి ఎత్తి చంకనేసుకుని, తాను ఆ కుర్చీలో కూర్చుని అంది: “ఇది నా బిడ్డ సార్, కేసు పెట్టిననాటి పదకొండేండ్ల పాపను నేను.”